నెలవంకలు కరిగించిన డాక్టరమ్మ

మొన్న శుక్రవారం బడిలో హాజరు తీసుకుంటుంటే నాయన ఫోన్ చేశాడు. ముదిగుబ్బలో ఆయనది పంక్చరంగడి, పనివేళల్లో ఎప్పుడూ ఫోన్ చేయడు. "డాక్టరమ్మ పోయిందంటమ్మా. నిద్దర్లోనే గుండె ఆగిందంట" అన్నాడు. నేను బతికుండడానికి కారణమైన మనిషి ఆమె.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వానాకాలంలో కాళ్ల మీద పుండ్లు లేచి మానిపోయాయి. కొన్ని వారాలకు ఒక పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి కళ్లు తెరుచుకోలేదు. ఒంటికి పోస్తే మూత్రం కాఫీ డికాక్షన్ రంగు. తర్వాత అదీ తగ్గిపోయింది. వేడి చేసిందన్నారు ఊర్లో. నాయన వినకుండా నన్నెత్తుకుని అనంతపురం బస్సెక్కాడు.

అక్కడి ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ మొదట మాట్లాడేది కాదు. బొటనవేలితో మోకాలి కింద నొక్కి, పడిన గుంటను చూస్తూ ఉండిపోయేది. నన్నూ అట్లాగే చూసి నాయన వైపు తిరిగింది.

"ఈ పొద్దే చేర్చాల."

"రేపు తెస్తా మేడం. అంగడి అట్లే ఇడ్సిపెట్టి వచ్చినా."

"అంగడి రేపైనా తెర్చుకోవచ్చన్నా. కిడ్నీలు మూసుకుంటే తెరవడం నా చేత కాదు."

నాయన ఆ పొద్దే చేర్చాడు.

"పుండ్లలో క్రిములతో కొట్లాడాల్సిన బలం దారి తప్పి కిడ్నీల జల్లెడ మీద పడింది. చానామంది పిల్లలకు దానంతటదే తగ్గిపోతాది. ఈ పాపకు మాత్రం జబ్బు దౌడు తీస్తాండాది" అని చెప్పింది డాక్టరమ్మ. సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి బెంగళూరుకు పంపింది. జవాబు వచ్చేదాకా ఆగకుండా మందు ఎక్కించింది. మెడలో గొట్టం వేసి డయాలసిస్ కూడా చేయించింది. రిపోర్టు వచ్చాక కాగితం మీద సున్నాలు గీసి, వాటిలో చంద్రవంకలు దిద్దింది.

"జల్లెడలో ఇట్లా నెలవంకలు పుట్టినాయన్నా."

"నెలవంక అంటే మాకు రంజాన్ పండగ గదా మేడం" అన్నాడు నాయన, ఏమనాలో తెలియక.

"ఇవి కనపడితే పండగ కాదన్నా, కరిగితే పండగ."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "ఏం కాదు గదమ్మా?" అని అడిగింది. "ఏం కాదని నేను చెప్పను. ఏం చేస్తానో చెప్తా" అందామె. ఆ రోజు అమ్మకు కోపమొచ్చింది. తర్వాత అమ్మ నమ్మింది ఆ మాటనే.

పక్క మంచంలో చిలమత్తూరు పాప. ఆమె జబ్బుకు కారణం వేరు. ఒళ్లు తన మీద తనే తిరగబడే రకం. ఎక్కడెక్కడో తిప్పి ఆలస్యంగా తెచ్చారు. డాక్టరమ్మ రోజూ మొదట ఆ మంచం దగ్గరికే పోయేది. ఎందుకని అడిగాను. "నువ్వు ఇంటికి పోతావు. ఆ పాప చానా ఏండ్లు నాతోనే ఉంటాది" అంది. అట్లాగే జరిగింది. ఏళ్ల తరబడి డయాలసిస్, ఆ తర్వాత వాళ్లమ్మ కిడ్నీ. ఇప్పుడు ఆమె హిందూపురంలో బట్టలంగడిలో పని చేస్తోంది.

నాకు ఒక పొద్దున ఒంటికి పోసే సీసా నిండింది. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, "అన్నా, పాప పోసింది!" అని కేక పెట్టింది. వార్డంతా నవ్వింది. నేను సిగ్గుతో దుప్పటి కప్పుకున్నాను.

పెద్దయ్యాక కృతజ్ఞత చెప్పబోతే, "నా గొప్పేముంది? మీ నాయన ఆ పొద్దు బస్సెక్కినాడు" అని కొట్టిపారేసింది. ఇప్పుడు నా తరగతిలో ఏ బిడ్డ మొహమైనా పొద్దున్నే ఉబ్బి కనిపిస్తే, ఒంటికి పోస్తే ఏ రంగు వస్తోందని అమ్మానాన్నల్ని అడుగుతాను. వాళ్లు నవ్వినా అడుగుతాను.

ఈ ఎండాకాలంలోనే ఆఖరుసారి చూపించుకున్నాను. బీపీ బాగుందని చెప్పి నాతోపాటు గేటు దాకా నడిచింది. ఎదురుగా కొబ్బరి బోండాల బండి. "ఆ పొద్దు నీకు గుక్కెడు నీళ్లు కూడా కొలిచి ఇచ్చినాం. ఈ పొద్దు అడ్డం లేదు, తాగు" అని రెండు కొట్టించింది. పీల్చే గొట్టం వద్దంది. వడగాలిలో తల వెనక్కి వంచి బోండాం ఎత్తి పట్టుకుని, నీళ్లు గడ్డం మీదుగా చీర మీద కారుతున్నా తుడుచుకోకుండా, చిన్నపిల్ల మాదిరి గటగటా తాగేసింది.