వదినకు ఇవ్వని పసుపు గోలీలు

పద్నాలుగేళ్ళుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు తెలియదు. అమ్మ తెలియకుండానే పోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో నాకు పనేముంది?

మా వదినకు డాక్టరు రాసిన మందు నేను ఇవ్వలేదు. ఇచ్చినట్టు నటించాను. నాలుగు నెలలు.

రాస్తే ఇంత చిన్నగా ఉంది. ఇన్నేళ్ళూ ఎంత పెద్దదనుకున్నానో.

తొంభైల మొదట్లో మాట. మేడ్చల్‌లో హైవే పక్క గల్లీలో మాకు రెండు గదుల ఇల్లు. నాయిన లేడు. అన్న లారీల షెడ్డులో మెకానిక్కు. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోయేదాన్ని. వదినది శామీర్‌పేట పక్క ఊరు. అన్నావదినల కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. వదిన నవ్వితే మూడిళ్ళ అవతలకు వినిపించేది. అమ్మ విసుక్కునేది కూడా, ఆడపిల్లకు అంత నవ్వేందని.

రెండో కాన్పు నిలవలేదు. ఏడో నెలలో పోయింది. ఏడ్చింది, అందరూ ఏడుస్తారు. నెల తిరిగితే మామూలవుతుందనుకున్నాం. కాలేదు. పొయ్యి మీద అన్నం మాడుతుంటే పక్కనే కూర్చుని చూస్తూ ఉండేది. తల దువ్వుకోదు. పిల్ల కొంగు పట్టి లాగినా తిరిగి చూడదు. అమ్మ తాయెత్తు కట్టించింది. పక్కింటావిడ ఏదో దిష్టి అంది. చివరికి అన్నే అన్నాడు, మనకు జ్వరాలు చూసే డాక్టరు దగ్గరికే తీసుకుపొమ్మని. అన్నకు షెడ్డులో పని, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నేను తీసుకుపోయాను.

ఆయన పెద్దాయన. పిల్లల దగ్గులు, విరేచనాలు, సూదులు, అంతకుమించి ఆ దవాఖానలో ఏముంటుంది? బయట బెంచీ నిండా జనం. అయినా వదినతో అరగంట మాట్లాడారు. తిండి, నిద్ర, పిల్ల సంగతి అన్నీ అడిగారు. బతకాలని అనిపిస్తోందా అని కూడా అడిగారు. వదిన తల అడ్డంగా ఊపింది. నేను పక్కనే ఉన్నాను. చూశాను. ఆ తరువాత నేను చేసినదంతా అది చూసి కూడా చేసిందే.

రోగం పేరు ఆయన చెప్పలేదు. నరాల బలహీనత, నిద్రకూ బలానికీ గోలీలు రాస్తున్నా, నెలనెలా రావాలి, ఆరు నెలలు ఆపొద్దు అన్నారు. ఎందుకు పేరు చెప్పలేదో ఇప్పుడు తెలుస్తోంది. చెబితే మేము మళ్ళీ ఆ గడప తొక్కబోమని ఆయనకు తెలుసు. ఊరినిండా ఆయన అట్లాగే ఎందరినో బాగుచేసి ఉంటారు, వాళ్ళకు కూడా తెలియకుండా.

మా ఇంట్లో మాత్రం తెలిసినదాన్ని ఒకదాన్ని ఉన్నాను కదా.

మెడికల్ షాపులో షీటు చేతిలో పెట్టగానే గుర్తుపట్టాను. చిన్న పసుపు గోలీలు, వెండిరంగు రేకు. కంపెనీలో మా ప్యాకింగు లైనులోనే డబ్బాల్లోకి ఎక్కేవి. రోజూ వందల షీట్లు ఈ చేతులతోనే సర్దాను. నాతో పనిచేసే ఆడవాళ్ళు దాన్ని పిచ్చి గోలి అనేవాళ్ళు. అది మొదలుపెడితే చచ్చేదాకా మానలేరని ఒకామె, మనిషి మొద్దులాగ అయిపోతుందని ఒకామె. మాలో ఒక్కరూ డాక్టరు కాదు. పదో తరగతి పాసైనదాన్ని కూడా నేనొక్కదాన్నే. కానీ తెల్లకోటు వేసుకుని గోలీల మధ్య నిలబడితే మనకేదో తెలుసని అనిపిస్తుంది.

వదినను ఆ మందు నుంచి కాపాడుతున్నాను అనుకున్నాను. చాలా ఏళ్ళు ఇదే చెప్పుకున్నాను నాకు నేను. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. అప్పుడే కండ్లకోయ నుంచి నాకు సంబంధం వచ్చి ఉంది. మంచివాళ్ళు, నాకు అబ్బాయి నచ్చాడు. ఆ ఇంట్లో పిచ్చి గోలీలు మింగేవాళ్ళున్నారట అని ఒక్క మాట హైవే దాటి అటు పోతే? మా లైనులో పనిచేసే ఇంకెవరైనా ఆ షీటును మా ఇంట్లో చూస్తే? ఇదీ నా భయం. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని రాయడానికి ఇందాకటి నుంచి వెనకాడుతున్నాను. వదిన మీద నాకు కోపం. ఆమె గోడకు తిరిగి పడుకుంటే గిన్నెలు నావి, బట్టలు నావి, పిల్ల నాది, మళ్ళీ పొద్దున్నే కంపెనీ బస్సు నాది. నటిస్తోందేమో అనిపించేది. బతకాలని లేదని తల ఊపిన మనిషి మీద పనిదొంగ అని కోపం పెట్టుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళంటే చిన్నతనమా? పెళ్ళికి సరిపోయే వయసు దీనికి సరిపోదా?

అదే షాపులో బీ కాంప్లెక్సు షీటు కొన్నాను. అవీ పసుపే, కాస్త పెద్దవి. రోజూ అన్నం తిన్నాక ఒకటి వదిన అరచేతిలో పెట్టి నీళ్ళ చెంబు అందించేదాన్ని. ఆమె చూసేది కూడా కాదు. నా మీద అంత నమ్మకం. అసలు గోలీని రేకు చించి బయటికి తీసి, స్నానాల గది వెనక మురుగు పోయే మోరీలో వేసేదాన్ని. ఖాళీ షీటు దాచేదాన్ని, డాక్టరు అడిగితే చూపించడానికి.

ఒకరోజు పిల్ల వచ్చింది, గుప్పిట మూసుకుని. "అత్తా, నాకు గోలి దొరికింది" అని చెయ్యి తెరిచింది. మోరీ అంచున రాయికి అంటుకుని ఉండిపోయింది అది. పిల్ల పెదాల మీద తడి. నోట్లో వేలు పెట్టి వెతికాను, పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది, అమ్మ లోపలి నుంచి ఏందే అని అరిచింది. పిల్ల మింగలేదు. ఆరోజంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను, ఊపిరి లెక్కపెడుతూ. అక్కడ ఆపేసి ఉండాల్సింది. ఏం చేశానంటే, మరునాటి నుంచి గోలీలను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని జీడిమెట్ల తీసుకుపోయి అక్కడి కాలువలో వేయడం మొదలుపెట్టాను.

రెండో నెల డాక్టరు మందు రెట్టింపు చేశారు. మూడో నెలా మార్పు లేదు. నాలుగో నెల ఆ గదిలో జరిగిన మాటలు నాకు అక్షరం మరిచిపోకుండా గుర్తున్నాయి.

"ఏమ్మా, గోలీలు టైముకు ఏసుకుంటున్నవా?" అన్నారు డాక్టరు.

"ఏసుకుంటున్న సారూ. ఒక్క పూట గూడ ఇడ్సలే" అంది వదిన.

"నిద్ర పడ్తున్నదా?"

"లే సారూ. గట్లనే ఉన్నది. ఇగ ఎందుకు తెల్లారుతాందో అనిపిస్తది."

ఆయన నా వైపు తిరిగారు. "మందు నువ్వే ఇస్తున్నవా?"

"నేనే ఇస్తున్న సార్."

"ఎన్నడన్న మర్చిపోయినవా? నిజం చెప్పు బిడ్డా, నేనేమనను."

"లేదు సార్. మర్సిపోలే."

మర్చిపోలేదన్నది నిజమే. ఒక్కరోజు కూడా పారేయడం మర్చిపోలేదు. ఖాళీ షీట్లు బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని తిప్పి చూశారు. బయట ఎవరో పిల్లాడు దగ్గుతున్నాడు. ఏమనను అన్నారు కదా, చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఒకటే పోరు. నోరు తెరవలేదు.

"ఈ మందు ఈమెకు పడ్త లేదు" అన్నారు చివరికి. "ఇగ నాతోని కాదు. పట్నంల పెద్ద దవాఖానకు రాసిస్త, తోల్కపోండ్రి."

వదిన చేతులు జోడించింది. "మీరు మస్తు సూసిన్రు సారూ. నా పానమే గిసోంటిది."

ఆయన చీటీ మీద ఆ గోలీ పేరు రాసి, దాని కింద గీత గీసి, పని చేయలేదని ఇంగ్లీషులో రాశారు. ఆ చీటీని మడిచి నా చేతికే ఇచ్చారు.

పట్నంలో పెద్ద దవాఖాన అనగానే అమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది. పిచ్చాసుపత్రికి తీసుకుపోతే ఇక ఊళ్ళో తలెత్తుకోగలమా, పిల్ల పెళ్ళి ముందుంది అంది. ఆ పిల్లను నేనే. పదిరోజుల్లో వదినను శామీర్‌పేట పక్క పుట్టింట్లో అన్నే దించి వచ్చాడు, కొన్నాళ్ళు వాళ్ళ అమ్మ దగ్గరుంటే కుదుటపడుతుందని. ఆ కొన్నాళ్ళు ఆరేళ్ళయ్యాయి. పిల్ల మేడ్చల్‌లోనే పెరిగింది. ఆదివారం వదిన వస్తే మా అమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కునేది. ఎవరో అత్తగారింటి చుట్టం వచ్చినట్టు వదిన గడప దగ్గర కూర్చుని, బిస్కెట్ల పొట్లం పట్టుకుని, పిల్ల ఎప్పుడు దగ్గరికి వస్తుందా అని చూసేది.

నా పెళ్ళి అయింది. కండ్లకోయవాళ్ళు వదిన గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు.

ఆరేళ్ళ తరువాత వాళ్ళ ఊరి దగ్గర సర్కారు దవాఖానకు ఒక డాక్టరమ్మ వచ్చింది. వదినను వాళ్ళ అమ్మ తీసుకుపోయింది. వదిన బట్టలతోపాటు పుట్టింటికి పోయిన ఆ పాత చీటీ చూసి, ఆ గోలీ పడలేదు కాబట్టి ఆవిడ వేరేవి మొదలుపెట్టింది. ఒకటి పడలేదు, ఒకటి పడి చేతులు వణికించింది, ఒళ్ళు ఉబ్బించింది. అయినా ఏడాదిన్నరకు వదిన లేచింది. ఇంటికి వచ్చింది. ఇప్పటికీ కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకుంటే తొణుకుతుంది. నవ్వుతుంది, మునుపటి అంత గట్టిగా కాదు. వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది, మా ఆడబిడ్డ నాకు తల్లిలెక్క చేసింది, నెలనెలా దవాఖానకు తోల్కపోయింది, రోజూ చేతికి మందిచ్చింది, నా ఒంటికే పడలేదు అని. నేను లోపలికి పోయి ఏదో ఒక గిన్నె కడుగుతాను.

ఇట్లాగే పోయేదేమో. పోనిచ్చేదాన్నేమో. కానీ పిల్ల ఉంది.

ఇప్పుడు దానికి పద్దెనిమిది. మా కండ్లకోయలోనే ఇంజినీరింగు కాలేజీలో చదువుతుంది, కాలేజీ బస్సు దిగి మధ్యమధ్య మా ఇంటికి వస్తుంది. ఈ యేడు చలికాలంలో వచ్చి, పెట్టిన అన్నం ముందు కూర్చుని అట్లాగే చూస్తూ ఉండిపోయింది. మెతుకు ముట్టలేదు. ఏమైందే అంటే, ఏమో అత్తా, తెల్లారకముందే మెలకువ వస్తోంది అంది. దీన్ని ఇంతకుముందు చూసినదాన్ని నేనే, ఆ మాటలు విన్నదాన్ని నేనే.

ఈసారి ఎవరూ తాయెత్తు అనలేదు. వదినే దాన్ని ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. నేనూ పోయాను. కన్నవాళ్ళకు పడిన మందు పిల్లలకూ పడే అవకాశం ఎక్కువట, అందుకని ఆవిడ వదిన పాత కాగితాలు తీసింది. మొదటి గోలీ దగ్గర ఆగింది. ఇది నీకు పడలేదు కదా, పిల్లకు కూడా వద్దులే అంది. వదిన అవునంది. పిల్లకు రాసింది చేతులు వణికించిన మందే, తక్కువ మోతాదులో. నేను వదిన కుడిచెయ్యి చూశాను. అప్పుడు కూడా మాట్లాడలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ మాట్లాడలేదు.

మరునాడు పొద్దున్నే ఒక్కదాన్నే పోయాను. ఆవిడ ఇంకా కుర్చీలో కూడా సర్దుకోలేదు. నిలబడే చెప్పాను. పడకపోవడం కాదు మేడం, నేను ఇవ్వలేదు అని. ఎన్ని నెలలు అని అడిగింది ఆవిడ. నాలుగు అన్నాను. ఒక్క గోలీ కూడా ఇవ్వలేదా అంది. లేదన్నాను. పాత కాగితం తీసి ఆ మాట కొట్టేసి పైన ఏదో రాసింది. పిల్లను మందు మొదలుపెట్టకుండా వెంటనే పంపమంది. తిట్టలేదు. మీ వదినకు నేను చెప్పను, అది మీరు చెప్పాల్సింది అని మాత్రం అని, బయట ఉన్నవాళ్ళను పిలవమంది.

వదినతో ఏమన్నానంటే, డాక్టరమ్మ మందు మార్చిందట అన్నాను. మళ్ళీ సగం అబద్ధం.

అదే పసుపు గోలి. రేకు రంగు మారింది అంతే. ఆరు వారాలకు పిల్ల అన్నం అడిగి పెట్టించుకుంది. రెండు నెలలకు బస్సులో స్నేహితురాళ్ళతో కొట్లాడి వచ్చి నాకు కథలు చెప్పింది. చేతులు వణకలేదు. నాకు సంతోషం వేసింది, నిజంగా వేసింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. అంటే వదినకు కూడా ఇంతే పట్టేదేమో. రెండు నెలలు. ఆరేళ్ళు కాదు, ఆదివారాలు కాదు, ఆ బిస్కెట్ల పొట్లం కాదు.

మొన్న వదిన మా ఇంటికి వచ్చింది. పిల్ల లేచి తిరుగుతోందని ఆమె ముఖమంతా వెలుగు. నేనిచ్చిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "నా ఒంటికి పడని మందు దాని ఒంటికి పడ్డది సూడు. నా బిడ్డ ఒళ్ళు నాసోంటిది కాదు, అదృష్టవంతురాలు" అంది.

ఒళ్ళు ఒకటే వదినా. ఇచ్చిన చెయ్యి వేరు.

ఈ మాట నేను ఆమెతో అనలేదు. మీతో అన్నాను.