గంగారాం కెమెరాలో ఆఖరి వీడియో

ముప్పై ఒక్క ఏళ్లు నేను హైదరాబాదులో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో బోర్డులకు సోల్డరింగ్ చేశాను. ఆ పని చేసినవాళ్లు దయ్యాలను నమ్మడం కష్టం. రేడియో దానంతటదే మోగిందని ఎవరైనా చెబితే మాకు ముందు తోచేది అతుకు సరిగా పడలేదని. సీసం కింద కంటికి కనిపించని పగులు ఉంటుంది. వేడికి విచ్చుకుంటుంది, చల్లబడితే కలుసుకుంటుంది. అంతే దయ్యం.

ఈ వయసు వరకూ నా చేతికొచ్చిన ప్రతి వస్తువులోనూ తప్పు ఎక్కడుందో నాకు దొరికింది. ఒక్కదానిలో దొరకలేదు. దాని గురించే రాస్తున్నాను.

ఇది 2014 సంగతి. మా అమ్మాయి సుజాత దోహాలో నర్సు. మనవడిని చూసుకోవడానికి నేను ఆ ఏడాది వాళ్ల దగ్గర, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఉన్నాను. ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్వుతున్నారు. మా మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా క్రేన్లే. పగలంతా చేతులు ఊరికే ఉంచలేక చుట్టుపక్కల వాళ్ల మిక్సీలు, రిమోట్లు బాగుచేసి ఇచ్చేదాన్ని.

ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున ఒకతను వచ్చాడు. పేరు మల్లేశం, ఊరు జగిత్యాల వైపు. ఇండస్ట్రియల్ ఏరియాలోని కూలీల క్యాంప్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. హెల్మెట్ పట్టీ ఉండే చోట దవడ తెల్లగా, మిగతా ముఖమంతా నల్లగా కమిలి ఉంది. నా గురించి ఎవరు చెప్పారని అడిగాను.

"కింద దుకాణపాయన. మీద ఒక ముసలామె ఉన్నది, తిట్టుకుంట బాగుచేస్తది, పో అన్నడు."

"తిట్టకుండా బాగుచేసేవాళ్లు బోలెడు డబ్బు తీసుకుంటారు. ఏదీ, చూపించు."

తువ్వాలులో చుట్టిన ఒక చవక క్యామ్‌కార్డర్ తీశాడు. అరచేతిలో పట్టేంత ఉంది, రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే రకం. తెర పగిలి నల్లబడింది. పక్కన కేబుల్ గుచ్చే సాకెట్ మొదలంటా ఊడిపోయి, ఆ కన్నానికి నల్ల టేపు వేసి ఉంది. కార్డు పెట్టే చోటు అసలు లేదు. తీసినవన్నీ లోపలి మెమరీలోనే ఉంటాయి. టీవీకైనా, కంప్యూటర్‌కైనా ఉన్నది ఆ ఒక్క సాకెట్టే.

ఇలాంటిది బాగుచేయడం కంటే కొత్తది కొనుక్కోవడం మేలని చెప్పాను.

"దుకాణపోళ్లు సుత గదే అంటున్నరమ్మా. ఖలాస్, పారేయ్ అంటున్నరు. నాకు డబ్బా ఒద్దు. దాన్ల మా గంగన్న ఉన్నడు."

గంగారాం మల్లేశం ఊరివాడే. ఇద్దరిదీ ఒకే కంపెనీ, క్యాంప్‌లో ఒకే గది. ఏప్రిల్‌లో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. కాగితంలో గుండె అని రాశారు. మూడు వారాలకు శవపెట్టె ఊరికి చేరింది. మూత తీసి చూపిస్తే భార్య రజిత ఈయన మా ఆయన కాదంది. ముఖం మారిపోయి ఉంది. అన్నిటికంటే ముఖ్యం, మీసాలు లేవు.

గంగారాం మీసాలు ఆ ఊళ్లో పేరున్న మీసాలట. కానీ చనిపోవడానికి ముందు వారం, దుమ్ము మాస్కు ముఖానికి బిగిసి ఉండాలని, మీసాలు గడ్డాలు తీయనివాళ్లకు డ్యూటీ లేదని సైట్‌లో చెప్పారు. అతను గీయించుకున్నాడు. ఇంట్లో తెలిస్తే నవ్వుతారని ఎవరినీ చెప్పనివ్వలేదు, ఫొటో తీయనివ్వలేదు. తను మాత్రం ఈ కెమెరాను ముఖానికి ఎదురుగా తిప్పుకుని, 'మళ్లీ పెరిగినంకనే ఊరికొస్త' అంటూ ఒక వీడియో తీసుకున్నాడు. గదిలో వాళ్లంతా ఆ తెర మీద చూసి నవ్వుకున్నారు.

"మేం ఫోన్ల చెప్తె నమ్మదు. మీరంతా ఒక్కటై చెప్తున్నరు, ఎవలనో తెచ్చి నాకు అంటగట్టిన్రు అంటది. రోజు ఆయనకు అన్నం వెట్టి ముందట కూసుంటది. ఆయన తిననిది నేనెట్ల తింట అంటదట. సగమైందమ్మా వదినె. గామె సుత దక్కేటట్టు లేదు."

గంగారాం అన్నదమ్ములు దహనం చేశారు. ఆమె మాత్రం బొట్టు, గాజులు తీయలేదు. ఊళ్లో ఒకడు గంగారాంను ఎక్కడో చూశానని కూడా చెప్పాడట. మల్లేశానికి సెలవు మంజూరైంది. రెండు వారాల్లో వెళ్తున్నాడు. మీసాల్లేని గంగారాం ముఖం ఆమెకు చూపించాలి. అది ఈ డబ్బాలో తప్ప ఎక్కడా లేదు.

వారం ఆగి రమ్మన్నాను.

విప్పి చూస్తే నేననుకున్నదానికంటే ఘోరంగా ఉంది. సాకెట్ ఊడుతూ ఊడుతూ బోర్డు మీది రాగి గీతలు రెండింటిని లాక్కుపోయింది. మీటర్ పెట్టి ఆ గీతలు ఎక్కడికి వెళ్తున్నాయో వెతికాను. చీమ తలంత భాగాల దగ్గర అవి తేలాయి. పాత ఇయర్‌ఫోన్‌లోని వెంట్రుకంత తీగలు తీసి, రెండు అక్కడా, మరో రెండు మిగిలిన గీతలకూ అతికించాను. పాడైపోయిన కార్డ్ రీడర్ నుంచి యూఎస్‌బీ సాకెట్ పీకి, ఆ నాలుగు తీగలను దానికి కలిపాను. కాల్చిన చాకుతో డబ్బా పక్కన కన్నం కోసి, సాకెట్‌ను అందులో కూర్చి, జిగురు పోశాను.

"ఆ చేతి వణుకుతో ఎందుకమ్మా ఇవన్నీ" అంది సుజాత.

"వణికేది టీ తాగేటప్పుడే, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే వణకదు" అన్నాను. నిజానికి భయం ఉంది. ఒక్క చోట సీసం పక్కదానికి అంటుకున్నా మెమరీ కాలిపోతుంది. లాప్‌టాప్‌కు గుచ్చేముందు ప్రతి అతుకూ మీటర్‌తో పరీక్షించాను. మొదట గుర్తుపట్టలేదు. డేటా తీగలు రెండూ అటుదిటు పడ్డాయి. మార్చి అతికించాక వెంటనే తెరుచుకుంది. అందులో పంతొమ్మిది వీడియోలు ఉన్నాయి. తేదీలు మాత్రం పనికిరావు. సెల్లులు తీసినప్పుడల్లా దాని గడియారం మొదటికి పోతుంది.

నేను వాటిని తెరవలేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచాను. ఎవరి ఇంటి మాటలో నేను ముందు వినడం బాగుండదు.

శుక్రవారం మధ్యాహ్నం మల్లేశం వచ్చాడు. కొంచెం మంచి నీలం చొక్కా వేసుకున్నాడు. భోజనం పెట్టి, లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. వరసగా చూశాం.

క్రేన్లు, మెస్ వెనక పిల్లి, రంజాన్‌కు ఎవరో పంచిన బిర్యానీ, ఒకటి మీద ఒకటి ఉన్న ఇనప మంచాలు. "అవ్వా, గిది చూడు. మా బస్సు. ఏసీ బస్సే, సల్లగ ఉంటది" అనే గొంతు. "చిట్టీ, గీ పిల్లికి ఏం పేరు వెడ్దామే?" తల్లితో మాట్లాడతాడు, కూతురితో మాట్లాడతాడు. భార్యతో ఒక్క మాట లేదు. నాకది వింతగా తోచి అడిగాను.

మల్లేశం సిగ్గుపడ్డాడు. "ఒక్క రూంల ఎనిమిది మందిమి ఉంటమమ్మా. గందరి ముందట పెండ్లాన్ని పేరు వెట్టి పిలుస్తె నవ్వరా? ఫోన్ల సుత అవ్వకియ్యి, చిట్టికియ్యి అంటడు. ఒకపారి నిద్రల రజితా అన్నడు. నెల దినాలు నవ్వినం. టీ తాగుతవా రజితా, బస్సొచ్చింది రజితా అని."

నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

పద్దెనిమిది అయ్యాయి. అన్నిట్లోనూ మీసాలున్న గంగారామే. మీసాల్లేని ముఖం ఎక్కడా లేదు. మళ్లీ చూసుకుని సిగ్గుపడి చెరిపేశాడేమో. మల్లేశం తల పట్టుకున్నాడు. పంతొమ్మిదోది నొక్కాను.

అదే గది. పైమంచం ఎత్తు నుంచి తీసినట్టుంది. చేత్తో పట్టుకుంటే కదిలినట్టు బొమ్మ కొద్దిగా కదులుతోంది. కింద మంచాల మీద మనుషులు తలలు దించుకుని కూర్చున్నారు. నేల మీద సూట్‌కేస్ తెరిచి ఉంది. దాని ముందు మల్లేశం మోకాళ్ల మీద కూర్చుని బట్టలు మడుస్తున్నాడు. ఏడుస్తున్నాడు.

నా పక్కనున్న మల్లేశం లాప్‌టాప్ మీదికి వంగాడు.

అప్పుడు కెమెరా వెనక నుంచి గొంతు వచ్చింది. పద్దెనిమిది వీడియోల్లో విన్న అదే గొంతు, అదే హుషారు.

"రజితా. ఓ రజితా. గీడ చూడు, మల్లేశం నా సామాను సదురుతుండు. అంగీలు గట్లనా మడుసుడు? గా నీలం అంగి వాడు ఉంచుకుంటడు, ఏమనకు."

తెరలో మల్లేశం ఒక నీలం చొక్కాను కాసేపు పట్టుకుని, ఎవరూ చూడకుండా తన దిండు కిందికి తోశాడు. నేను పక్కకు చూశాను. అతను వేసుకున్న చొక్కా అదే.

తర్వాత తెరలో మల్లేశం ఆ దిండు పక్క నుంచి ఒక వస్తువు తీశాడు. ఈ క్యామ్‌కార్డరే. నల్ల టేపు వేసిన కన్నం స్పష్టంగా కనిపించింది. మూత తీసి రెండు సెల్లులూ బయటికి లాగి జేబులో వేసుకున్నాడు.

"సెల్లులు సుత ఇడువలే రజితా. టార్చిలకు ఏసుకుంటడు. ఎన్నడు మారడు వీడు."

గొంతు పెద్దగానే ఉంది. గదిలో ఒక్కరూ తల ఎత్తలేదు. మల్లేశం కెమెరాను తువ్వాలులో చుట్టి తన పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత కూడా బొమ్మ నడిచింది. "రజితా" అని ఇంకోసారి మామూలుగా పిలిచాడు. అక్కడితో ఆగింది.

మల్లేశం అడిగాడు. "గిది ఎవలు తీసిన్రమ్మా?"

సెల్లులు ఏం చేశావని అడిగాను. టార్చిలో వేసుకున్నానన్నాడు. చొక్కా సంగతి ఎవరికైనా చెప్పావా అంటే లేదన్నాడు. ఆ రోజు గదిలో ఏ గొంతూ వినలేదన్నాడు. గంగారాం పోయిన మూడో రోజు సామాను కార్గోలో వేయడానికి సర్దారట. కార్గోలో నలిగిపోతుందని కెమెరాను తానే ఉంచుకున్నాడు. తర్వాత కంపెనీ వాళ్లను బర్వా అల్ బరాహా అనే కొత్త క్యాంప్‌కు మార్చినప్పుడు పెట్టె బస్సు మీద నుంచి పడి తెర పగిలింది. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకో కెమెరాతో ఎవరైనా తీసి ఉంటారనుకుందాం. దీనిలోకి ఎలా ఎక్కిస్తారు? గంగారాం సంతలో కొనేనాటికే సాకెట్ ఊడి ఉంది, చవకగా దొరికింది కూడా అందుకే. నేను పోర్టు వేసేదాకా ఆ మెమరీలోకి బయటి నుంచి ఏదీ పోయే దారి లేదు.

మల్లేశం నా చేతులు పట్టుకున్నాడు. "గిది తీసెయ్యమ్మా. వదినె చూస్తె బతికే ఉన్నడంటది. నాతోని మాట్లాడుతుండు చూడు అంటది. ఇగ జన్మల నమ్మది."

అతని భయంలో న్యాయం ఉంది. అయినా నేను చెరపనన్నాను. ఆ మాటలు ఆమెకు చెప్పినవి, నాకు కాదు. చూపిస్తాడో లేదో అతని ఇష్టం. పెన్‌డ్రైవ్, కెమెరా రెండూ ఇచ్చి పంపాను.

సెప్టెంబరులో ఊరి నుంచి ఫోన్ చేశాడు.

పద్దెనిమిది చూపించి ఆపేద్దామనుకున్నాడట. రజిత ముందు కూర్చుని చూసింది. అత్త ఏడ్చింది, బిడ్డ తెరను ముద్దు పెట్టుకుంది, ఆమె కదలలేదు. పద్దెనిమిదోది అయిపోగానే కంప్యూటర్ వరసలో తర్వాతిది అందుకుంది. ఇతను మూసేయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు పానం పోయిందమ్మా. ఇగ అంటది, బతికే ఉన్నడంటది అని చూస్తున్న. అయిపోయినంక ఇంకోపారి వెట్టుమన్నది. వెట్టిన. గాయన ముచ్చట ఇననట్టే ఉన్నది. కూసున్నోళ్లను ఒక్కొక్కల్ని చూస్తున్నది. మా మొకాలు చూస్తున్నది."

"తర్వాత?"

"నిమ్మలంగ అన్నదమ్మా. గందరి ముందట నన్ను పేరు వెట్టి పిలిచిండు. నాలుగుపార్లు పిలిచిండు. ఒక్కలు సుత తల ఎత్తలే, నవ్వలే. ఆయన లేడు మల్లేశం, అన్నది."

ఆమె అప్పుడు ఏడ్చిందట, మొదటిసారి. పొద్దుగూకేలోపు గాజులు తీసేసింది. అత్తకూ బిడ్డకూ అన్నం పెట్టి, తానూ రెండు ముద్దలు తిన్నది.

కెమెరాను అతనికి ఇచ్చే ముందు నేను మళ్లీ విప్పి చూశాను. నా అతుకులన్నీ సరిగానే ఉన్నాయి. బోర్డులో వేరే బ్యాటరీ లేదు, ఇంకో తీగ లేదు, ఎవరైనా ముట్టిన గుర్తు లేదు. సెల్లులు తీసేసిన కెమెరా, తువ్వాలులో చుట్టి పెట్టెలో పడుకున్న కెమెరా, ఆ గదిని ఎలా చూసిందో అప్పుడూ నాకు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.