కాలువలో పడితే రెండే

మా ఊరి క్రికెట్ మైదానానికి ఒకపక్క కొబ్బరితోట, ఇంకోపక్క పంటకాలువ. తోటలో పడితే ఆరు పరుగులు. కాలువలో పడితే, ఎంత ఎత్తున వెళ్లి పడినా రెండే. బంతులు కొట్టుకుపోతుంటే విసిగి పెద్దవాళ్లు పెట్టిన నియమం అది. బడిలో పాఠాలు చెప్పుకునే నేను ఆదివారాలు స్కోరు పుస్తకం రాసేవాణ్ణి.

జట్టులో చెప్పుకోదగ్గ బ్యాటర్లు ఇద్దరే. ఒకడు రావులపాలెం నుంచి అరటిగెలల లారీ తోలే డ్రైవరు. అతను కొడితే బంతి ఆకాశానికి లేచి కాలువ నడిమధ్యలో పడేది, జనం ఈలలు వేసేవారు. యూట్యూబ్ ఛానల్ పెట్టుకున్న ఒకాయన ఆ షాట్లన్నీ తీసి 'సిక్సర్ల వీరుడు' అని పేరుపెట్టి వదిలేవాడు. కాలువ నియమం వీడియోలో కనపడదు కదా. రెండో అతను బండారులంకలో చీరలు నేసేవాడు. ఒకటీ రెండూ తీసుకుంటూ చివరిదాకా నిలబడేవాడు. మేం గెలిచిన ఆటల్లో ఎక్కువ పరుగులు అతనివే. వీడియోల్లో మాత్రం అతను లేడు.

అమలాపురం టోర్నమెంటుకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి ఒకే జట్టు కట్టారు. ఆటగాళ్లను ఎంపిక చేసేనాటికి మా ఊరికి ఒక్క బ్యాటరు చోటే మిగిలింది. మగ్గం ఆపుకుని నేతగాడు వచ్చాడు. వయసు మీద పడుతోంది, ఇదే ఆఖరి అవకాశమని అతనికి తెలుసు. జట్టు పెద్దాయన ఫోనులో వీడియో చూస్తుంటే నేను పుస్తకం ముందు పెట్టాను.

"ఈ కాలువ షాట్లన్నీ రెండేసి పరుగులేనండీ. ఒక్కసారి చూడండి."

"ఆయ్, మీ లెక్క తప్పని నేననటం లేదండి మాస్టారూ. కానీ ఊరంతా సిక్సులే చూసేరు కదండీ," అని ఆయన పుస్తకం మూసేశాడు.

అప్పుడే ఛానలాయన నా మూతి దగ్గర మైకు పెట్టాడు. "మీరు స్కోరు రాసేవారు కదండీ. ఈ జట్టులో అసలైన బ్యాటరు ఎవరండీ?"

చుట్టూ జనం. జవాబు నా చేతిలోని పుస్తకంలోనే ఉంది. నేను మాత్రం నలుగురితో నారాయణ అన్నాను. "డ్రైవరేనండీ" అన్నాను. భయపడి కాదు. ఆ వీడియోలో నేనూ కనపడాలనిపించింది. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదు.

ఆ చోటు డ్రైవరుకే దక్కింది. అమలాపురంలో అతను తొందరగా అవుటయ్యాడు, మావాళ్లు మొదటి ఆటే ఓడిపోయారు. బౌలర్లు ముంచేశారని ఛానల్ తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరిని తిట్టను?

తర్వాత వారం బండారులంక వెళ్లాను. నేతగాడు మగ్గం గుంటలోంచి లేచి కుర్చీ వేశాడు. ఆదివారం ఆటకు రమ్మన్నాను.

"వీడియో చూసేనండి మాస్టారూ," అన్నాడు. వెటకారమేమోనని అతని మొహం చూశాను, కాదు. "ఇన్నాళ్లూ నేను బాగానే ఆడుతున్నాననుకున్నానండి. లెక్క రాసే మీరే అలా చెప్పేక, ఇంక నాకెందుకండీ ఆట?"