పడవ ముక్కు లేస్తే

మా బావగారు పోయారు. నా భర్తకు అన్న. పనికి వెళుతూ పూతలపట్టులో బస్సు మారబోయి, ఎక్కాల్సిన బస్సు ముందే గుండె పట్టుకుని కూలిపోయారు. పక్కన నిలబడ్డవాళ్లు ఆయన ఫోన్‌లో చివరిగా మాట్లాడిన నంబరుకు చేశారు. అది నాది. "పెద్దాయనొకాయన ఈడ పడిపోయినాడమ్మా, మీ మనిషేనా?" అని అడిగారు. మా మనిషే అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒకప్పుడు చాలా కాలం పట్టింది.

ఆయన తిరుపతి వైపు ఒక జలాశయంలో చూడవచ్చినవాళ్లను స్పీడ్‌బోటులో తిప్పేవారు. అంతకుముందు లారీ డ్రైవరు. చిత్తూరు మామిడికాయలు ఎన్ని ఊళ్లకు చేర్చారో ఆయనకే తెలియదు. లారీవాళ్లకు ఒక నమ్మకం ఉంది. గతుకుల రోడ్డు మీద మెల్లగా పోతే ఒళ్లు హూనమవుతుంది, కాస్త వేగం పెంచితే బండి గతుకుల మీద తేలిపోతుంది. రోడ్డు మీద అది చాలాసార్లు నిజం కూడా. బావగారు ఆ నమ్మకాన్ని పడవలోకీ వెంట తెచ్చుకున్నారు.

పడవ పట్టిన కొత్తలో ఒక ఆదివారం తమ్ముణ్ణి ఎక్కించుకున్నారు. ముందు కూర్చుంటే నీళ్లు చిమ్ముతాయని తక్కినవాళ్లంతా వెనక్కి సర్దుకున్నారు. మా ఆయన ఒక్కరే ముక్కు దగ్గర కూర్చున్నారు. వేగం అందుకోగానే పడవ ముక్కు లేవడం, పడడం, మళ్లీ లేవడం మొదలుపెట్టింది. గట్టు మీద నిలబడ్డ నాకు అది ఆటలాగే కనిపించింది. బావగారు గతుకులే అనుకుని వేగం పెంచారు. ఎగురుడు ఇంకా పెద్దదైంది. మా ఆయన సీటు వదిలి గాల్లోకి లేచి, సీటు అంచు మీద నడుము విరిగేలా పడ్డారు. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. కాళ్లు మాత్రం ఆ రోజుతో సరి.

ఏడాది పాటు నేను బావగారి ముఖం చూడలేదు. వినబడేలా తిట్టాను. నోరు పారేసుకుంటోందని చుట్టాలన్నారు. మొగుడి నడుము విరిగిన ఆడది నోరైనా పారేసుకోకూడదా? ఆయన మా పక్క గదికి మకాం మార్చి, పొద్దున్నే వచ్చి తమ్ముణ్ణి మంచం మీంచి ఎత్తి స్నానానికి మోసుకుపోయేవారు. పొద్దుగూకితే మళ్లీ మంచం మీదికి చేర్చేవారు. పెళ్లి ఊసెత్తినవాళ్లతో, "చేతులు ఖాళీ లేవప్పా" అనేవారు.

పడవ ఎందుకు అలా ఎగిరిందో తెలుసుకోనిదే ఆయనకు అన్నం సయించలేదు. తెలిసినవాళ్లందరినీ అడిగారు. ఒకనాడు నేను బియ్యం చెరుగుతుంటే వచ్చి, చాట ఇమ్మని తీసుకుని తమ్ముడి ముందు పెట్టారు. చాట వెనక అంచు మీద వేలితో నొక్కితే ముందు అంచు లేచింది.

"ఇదిగో సూడు. ఎనక బరువు ఎక్కువైతే ముక్కు లేస్తాది. లేసింది గాల్లో నిలబడదు, పడతాది. పడినప్పుడు నీళ్లు తిరిగి తంతాయి. ఆ తన్నుకు మళ్లీ లేస్తాది. నేను వేగం పెంచి ఆ తన్నుకు బలం ఇచ్చినాను."

 "నీకు తెలీదు కదన్నా" అన్నారు మా ఆయన.

"నాకు తెలీదని నీళ్లకు తెలీదప్పా" అన్నారు బావగారు. నేను చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆయన మీద జాలి పడడం నాకు అప్పుడు ఇష్టం లేదు.

మళ్లీ పడవ నడపడానికి పోతానన్న రోజు నా రక్తం ఉడికిపోయింది. "ఇంకెవరి నడుము కావల్ల నీకు?" అని అడిగేశాను. ఆయన తల దించుకునే జవాబు చెప్పారు. "నేను మానుకుంటే ఆ సీట్లో నామాదిరి తెలీనోడు కూర్చుంటాడమ్మా."

కొన్నేళ్లకు ఆయన పడవ ఎక్కాను. నమ్మి కాదు, చూద్దామని. పొద్దున్నే పడవ అడుగున నిలిచిన నీళ్లు తోడించారు. ఆ నీళ్లు వెనక్కి జారినా బరువేనట. భారీ మనిషొకాయన వెనక సీట్లో దర్జాగా కూర్చోబోతే, "మీ బరువు నాకు ఎనక వద్దప్పా, మధ్యలోకి రండి" అని చెయ్యి పట్టుకుని మరీ తెచ్చారు. ముక్కు దగ్గర మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు.

నడినీళ్లలో ముక్కు కొద్దిగా ఊగింది. నేను సీటు అంచు పట్టుకున్నాను. ఆయన చెయ్యి అప్పటికే వేగం తగ్గించింది. తర్వాత ఒక బటన్ నొక్కి, వెనక నీళ్లలోని మోటారును పడవ వైపుకు వంచారు. బయటికి వాలిన మోటారు ముక్కును ఎత్తుతుంది, లోపలికి వంచితే దించుతుంది. మరీ వంచినా ముక్కు నీళ్లను దున్నుతుంది. ముక్కు సర్దుకున్నాక మెల్లగా వేగం అందుకున్నారు. పక్కన నేర్చుకుంటున్న డ్రైవరుతో, "ఎగిరేటప్పుడు మగతనం సూపించొద్దు. ముందు తగ్గు, ఆనక దిద్దుకో" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి మొదటిసారి ఆయన కంచంలో నా చేత్తో అన్నం వడ్డించాను.

ఇక నా భర్తను ఎవరు ఎత్తుతారు? చావింట్లో అడగకూడని ప్రశ్న. కానీ కబురు విన్నప్పటి నుంచి నా తలలో తిరిగింది అదే. నా ఏడుపులో సగం దానికోసమే, దాచను.

ఆయన దగ్గర పడవ నేర్చుకున్నవాళ్లు వచ్చారు. వాకిట్లో పడుకోబెట్టిన అన్న నోట్లో తమ్ముడు బియ్యం గింజలు వేయాలి. వాళ్లే మా ఆయన్ని మోసుకొచ్చి, పక్కన నేల మీద కూర్చోబెట్టి, వెనక నుంచి పట్టుకున్నారు. మా ఆయన గింజలు వేశారు. "అయిపోయిందప్పా, లేపుదాం" అన్నారెవరో.

ఆ మాట వినగానే మా ఆయన ముందుకు వంగి, రోజూ పొద్దున చేసినట్టే రెండు చేతులూ అన్న మెడ చుట్టూ వేసి, కళ్లు మూసుకుని ఎదురుచూశారు.