పట్టుకునే చెయ్యి

మా మామయ్య వడ్రంగి. ఆ మాట అంటే మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. "వాడు వడ్రంగేంటి? వడ్రంగానికి సామాన్లు చేసేవాడు" అనేవాడు. అందులో నిజం లేకపోలేదు. కుర్చీ చెయ్యమంటే మామయ్య ముందు ఆ కుర్చీ కాళ్లన్నీ ఒకే పొడవున తెగడానికి ఒక అచ్చు చేసేవాడు. అచ్చులో చెక్క జరగకుండా ఒక అడ్డు బిగించేవాడు. ఆ అడ్డు సరిగ్గా నిలవడానికి దానికింద ఇంకో పీట. ఇదంతా అయ్యేసరికి నాన్న కుర్చీ చేసేసి, నునుపు పెట్టి, భోజనం చేసి, ఒక కునుకు తీసి లేచేవాడు.

"పని చేతకానివాడికి పనిముట్లెక్కువ" అని నాన్న ఎగతాళి. వీధిలో అందరూ మామయ్యని 'అచ్చుల మేస్త్రి' అనేవారు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఎవరైనా అలా పిలిస్తే ఇంకాస్త నిటారుగా నడిచేవాడు.

మామయ్య అమ్మకి తమ్ముడు. మీసాలైనా సరిగ్గా రాని వయసులో పని నేర్చుకోవడానికి నాన్న దగ్గరికి వచ్చి, ఇక మాతోనే ఉండిపోయాడు. మా ఇంటి వెనక రేకుల షెడ్డే వాళ్ల దుకాణం. అందులో కిటికీ వైపు నాన్న పనిబల్ల, గోడ వైపు మామయ్య బల్ల. నాన్నకి కొలబద్దతో పని లేదు. చెక్కని కంటి దగ్గరికి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, వంకర ఎక్కడుందో చెప్పేసేవాడు. ఆయన గీత గీస్తే గీతే. మామయ్యకి అది అబ్బలేదు. నేర్చుకునే రోజుల్లో ఆయన చేసిన మొదటి సొరుగు బల్లలోకి సగం దూరి, ఇక లోపలికీ పోక, బయటికీ రాక ఇరుక్కుపోయిందట. నాన్న కడుపు పట్టుకుని నవ్వాడట.

"నీ కన్ను వేరు, నా కన్ను వేరు బావా. నాకు తోడు కావాలి" అన్నాడట మామయ్య. ఆ తోడే అచ్చులు.

గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక అచ్చు. ప్రతిదానికీ పేరుండేది. జిగురు ఆరేదాకా రెండు పలకల్ని మూలమట్టంగా పట్టి ఉంచే దిమ్మె పేరు 'సాక్షి'. "ఇది అబద్ధం ఆడదు" అనేవాడు. రంపం బల్ల మీద చెక్కని వేళ్లతో కాకుండా దూరంనుంచి తోసే కర్రకి పిచ్చుక తోక చెక్కి, దానికి నా ముద్దుపేరు పెట్టాడు. ఎంత తోసినా ఇసుమంత కదలని అడ్డుకి 'అక్క' అని పేరు. అది అమ్మకి తెలిసిన రోజు మామయ్యకి రాత్రి భోజనం ఆలస్యమైంది.

నాన్నకి జబ్బు చేసింది ఒక మామూలు ఉదయం. తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నాడు. చిత్రిక చేతిలోంచి జారి కింద పడింది. తీద్దామని వంగి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. మామయ్య ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు.

ఆసుపత్రినుంచి వచ్చాక మాట తిరిగి వచ్చింది. కాలు ఈడుస్తూనైనా నడవగలిగాడు. కుడి చెయ్యి మాత్రం రాలేదు. గ్లాసు కూడా పట్టలేని ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్ల వస్తువేదో తనకి అప్పజెప్పి పోయినట్టు చూస్తూ కూర్చునేవాడు. షెడ్డు వైపు వెళ్లేవాడు కాదు. రంపం చప్పుడు వినపడితే కిటికీ మూసెయ్యమనేవాడు.

మామయ్య చప్పుడు తగ్గించాడు. తర్వాత అసలు వినపడటమే మానేసింది. అమ్మ నన్ను పిలిచి, "వీడు కూడా పని మానేశాడా ఏంటి? వెళ్లి చూసిరావే" అని పంపింది.

షెడ్డు తలుపు తోస్తే మామయ్య నాన్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కుడి చేతిని వీపు వెనక్కి మడిచి, పాత తువ్వాలుతో నడుముకి కట్టేసుకున్నాడు. ఎడం చేత్తో రంపం లాగుతున్నాడు. చెక్క గిర్రున తిరిగి కింద పడింది. వంగి తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. చొక్కా చెమటకి తడిసి ముద్దైంది.

"ఇదేంటి మామయ్యా?"

"మీ నాన్న చెయ్యి ఎక్కడెక్కడ కావాలో చూస్తున్నానే" అన్నాడు. "ఇన్నాళ్లూ కోసే చెయ్యే పని చేస్తుందనుకున్నా. కాదు. పని అంతా పట్టుకునే చేతిదే. అది పట్టకపోతే ఇది కొయ్యలేదు."

ఆ వారమంతా ఆయన పట్టుకునే చేతుల్ని చేశాడు. బల్ల కింద ఒక తొక్కుడు పలక అమర్చాడు. కాలితో తొక్కితే తాడు బిగిసి, పైనున్న దిమ్మె చెక్కని బల్లకేసి అదిమి పట్టేది. రంపం అటూ ఇటూ పోకుండా నడిచే ఇరుకైన దారి ఒకటి చేశాడు, ఎడం చేతికి అనువుగా. ఉలిని నిలువుగా పట్టి ఉంచే గూడు ఒకటి. ఉలి గూట్లో నిలబడితే ఎడం చేత్తో సుత్తి దెబ్బ వెయ్యొచ్చు.

అన్నీ సిద్ధం చేసి నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నాన్న గుమ్మంలోనే ఆగి అంతా ఒకసారి చూశాడు. మొహం ఎర్రబడింది.

"చంటిపిల్లాడికి నడకబండి చేసినట్టు చేశావా నాకు?" అన్నాడు. "నీ బొమ్మలతో నువ్వే ఆడుకో." వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మామయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లాడు. ఇదంతా చూసిన అమ్మకి కోపం వచ్చింది. ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా తన పని తాను చేసింది. వంటింట్లో ఆవిడ కూర్చునే ముక్కాలిపీటకి ఒక కాలు ఎప్పటినుంచో వదులు. దాన్ని తెచ్చి నాన్న ముందు పెట్టింది.

"ఇది నువ్వు చేసిన పీట. నువ్వే బాగుచెయ్యాలి. తమ్ముడు ముట్టుకుంటే ఊరుకోను. అందాకా నిలబడే వండుతా. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా."

నాన్న రెండు రోజులు బిగదీసుకున్నాడు. అమ్మ వంటింట్లో గిన్నె గిన్నెకీ ఒక మూలుగు కలిపింది. సగం నొప్పి, సగం నటన అని మా అందరికీ తెలుసు, నాన్నకి కూడా. మూడో రోజు పొద్దున్నే పీటని చంకన పెట్టుకుని, కాలీడ్చుకుంటూ షెడ్డులోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. మామయ్య తన బల్ల మీదనుంచి తల కూడా ఎత్తలేదు.

నాన్న తొక్కుడు పలక మీద కాలు పెట్టబోయాడు. మోకాలు గడ్డం దాకా లేచింది.

"ఎవరి కాలికి చేశావురా ఇది? కొంగకా?"

"నా కాలికే చూసుకున్నా బావా" అన్నాడు మామయ్య. ఆయన తాటిచెట్టంత మనిషి, నాన్న పొట్టి.

"నీ కాలు ఎవడికి కావాలి? దించు."

మామయ్య నేల మీద బోర్లా పడుకుని పలక దించుతున్నాడు. నాన్న పైనుంచి "ఇంకాస్త, ఇంకాస్త, అబ్బా, మరీ అంత కాదు" అంటున్నాడు. నాకు ఆ గొంతు వినగానే గుండె నిండిపోయింది. అది జబ్బు మనిషి గొంతు కాదు, మేస్త్రి గొంతు.

పీట కాలి కోసం కొత్త చెక్కని దిమ్మె కింద బిగించి నాన్న రంపం లాగాడు. ఎంత దారి చేసినా, ఎడం చేతికి అలవాటు లేని పని. రంపం మధ్యలో బిగుసుకుంది. బలంగా గుంజితే చెక్క చీలింది. నాన్న రంపాన్ని విసిరేసి గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

మామయ్య చీలిన చెక్కని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా మొదటి సొరుగుకి నువ్వు నవ్వావు బావా. ఇప్పుడు నేను నవ్వనా?"

నాన్న తిరగలేదు. "నవ్వి చూడు, తెలుస్తుంది" అన్నాడు.

మామయ్య నిజంగానే నవ్వాడు. భయంభయంగా మొదలుపెట్టి, ఆపుకోలేక నవ్వాడు. నాన్న గిరుక్కున తిరిగి, ఎడం చేత్తో గుప్పెడు రంపపు పొట్టు తీసి మామయ్య మొహాన కొట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు. నాన్న చెంపల మీద తడి అలాగే ఉంది.

పీట బాగవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అమ్మ అందాకా నిలబడే వండింది. అన్న మాట తప్పే మనిషి కాదు.

నాన్న మునుపటిలా కుర్చీలు చెయ్యలేదు. సొరుగులు, చిన్న పెట్టెలు, గూళ్లు చేశాడు. నెమ్మదిగా, శుభ్రంగా చేశాడు. అయితే ఆయన వేళాకోళం చేసిన రోగమే ఆయనకీ పట్టుకుంది. "ఈ ఉలి గూడు కాస్త ఏటవాలుగా ఉంటే?", "ఈ తాడు బదులు ఇనపకడ్డీ వేస్తే?" అని పొద్దున లేస్తూనే మామయ్య ప్రాణం తీసేవాడు. ఒక్కొక్క అచ్చు తనదంటే తనదని ఇద్దరూ వాదించుకునేవారు. అన్నం చల్లారిపోయేది.

ఆసుపత్రిలో నాన్న చేత కసరత్తు చేయించే నర్సు ఒకసారి మా షెడ్డు చూడటానికి వచ్చింది. తొక్కుడు పలకని తొక్కి తొక్కి చూసి, "మా దగ్గర ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు మేస్త్రీ, ఒకసారి వస్తారా?" అని అడిగింది. మామయ్య సిగ్గుపడ్డాడు. "మేం వస్తాం" అని నాన్న చెప్పేశాడు.

అప్పటినుంచి వారం వారం ఇద్దరూ వెళ్లేవారు. మామయ్య ఎవర్నీ జబ్బు సంగతి అడిగేవాడు కాదు. "మీకు ఏ పని చెయ్యాలనుందండీ?" అని అడిగేవాడు. ఒకాయన తన గడ్డం తనే గీసుకోవాలన్నాడు. ఒక పెద్దావిడ కూరగాయలు తనే తరుక్కోవాలంది. "కోడలు మంచిదే బాబూ. కానీ ముక్కలు మరీ పెద్దవి తరుగుతుంది" అంది చిన్న గొంతుతో.

ఆవిడకి మామయ్య ఒక పలక చేశాడు. మధ్యలో రెండు మేకులు మొన పైకి ఉండేలా దిగ్గొట్టాడు, కూరగాయని వాటికి గుచ్చితే కదలదు. రెండు వైపులా చిన్న అంచులు పెట్టాడు. పలక జారకుండా అడుగున రబ్బరు ముక్కలు అంటించాడు. వాళ్లింటికి తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాడు. నాన్నా, నేనూ కూడా వెళ్లాం.

ఆవిడ ఉల్లిపాయని మేకులకి గుచ్చి, ఎడం చేత్తో కత్తి పట్టుకుని, మెల్లగా ఒక ముక్క కోసింది. ఇంకోటి కోసింది. పల్చగా, ఒకే తీరుగా పడుతున్నాయి ముక్కలు. ఆవిడ కళ్లు బొటబొటా కారుతున్నాయి. మామయ్య కంగారు పడిపోయాడు.

"ఊరుకోండమ్మా, ఏడవకండి. పలక బాలేకపోతే ఇంకోటి చేస్తా."

"ఏడుపు కాదు నాయనా, ఉల్లిపాయ ఘాటు" అంది ఆవిడ, కొయ్యడం ఆపకుండానే.

నాన్న కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన నిలబడ్డ చోటికి ఉల్లిపాయ ఘాటు అందదు.