కోత పండుగ కుండ

ఫిల్మ్ నగర్‌లో నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషిని. పల్లెటూరి చర్చిలో కోత పండుగ సెట్ వేయమన్నారు. అది నాకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా బుట్ట నిండా యాపిల్స్, ద్రాక్షగుత్తులు పేర్చాను. బుద్ధి ఉండాలి నాకు. మా ఊళ్లో ద్రాక్ష ఎక్కడిది?

మా దగ్గర కోత పండుగంటే కుండ. కుండకు పసుపు పూసి, సున్నంతో సిలువ గీసి, వేపకొమ్మలు కడతారు. అందులో కొత్త బియ్యపు అన్నం పెట్టుకుని, డప్పుల మధ్య ఆడవాళ్లు నెత్తిన ఎత్తుకుని ప్రార్థనకు పోతారు. ఊరు విడిచి పట్నంలో రహమత్ నగర్‌కు వచ్చాక కూడా అమ్మ ఒక్క ఏడూ మానలేదు. తల్లి తర్వాత పెద్ద కూతురు ఎత్తాలి. కాలేజీలో ఓ స్నేహితురాలు ఈ కుండ సంగతి విని "మీది ఏ మతమే ఇంతకీ?" అని నవ్వినప్పటి నుంచి నేను తప్పించుకు తిరుగుతున్నాను. ఈ ఏడు అమ్మ మోకాళ్లు పట్టేశాయి. నేను ఎత్తకపోతే మా ఇంటి కుండ ఆగిపోయినట్టే.

పండ్లు పేర్చిన రోజు, ఆటోలో నాకు అన్నం డబ్బా తెచ్చిన అమ్మ సెట్ చూసింది.

"గీ పండ్లేంది బిడ్డా? కుండేది?"

పక్కనే ఉన్న డైరెక్టర్ గారు ఏ కుండ అని అడిగారు. అమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది.

"అది బోనం కదమ్మా, చర్చిలోకి రానిస్తారా?"

"ఎందుకు రానియ్యరు సారూ? మా అవ్వ పోచమ్మకు ఎత్తింది. యేసయ్యను నమ్ముకున్నంక యేసయ్యకు ఎత్తింది. కొత్త బియ్యం దేవునికి పెట్టకుండ తినుడు మాకు తెల్వది."

ఆయన నావైపు తిరిగారు. "మీకు తెలియదా ఇది?"

నా మొహం మండిపోయింది. మా అమ్మ ఎంత ధీమాగా నిలబడింది, నేనేమో యాపిల్స్ వెనక దాక్కున్నాను.

"తెలుసు సార్. మా ఇంటి పండుగే. సిగ్గుపడి చెప్పలేదు."

బుట్ట తీసేశాను. అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంటే కుండకు నేనే పసుపు పూశాను. సిలువ వంకర పోయిందని రెండుసార్లు చెరిపించింది.

ఆదివారం మా గల్లీలో కుండ నా నెత్తిన ఉంది. జనం చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. నా వెనక నాలుగు తరాల ఆడవాళ్లు నడుస్తున్నట్టు గర్వంగా ఉంది. చర్చి గడప దగ్గర కుండ దించగానే, కర్ర పట్టుకుని వెంట నడిచొచ్చిన అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

"ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా" అంది.