ఒకే నాడాతో కట్టిన రెండు ఫైళ్లు

జూలై, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. మేడ మీద నీళ్ల ట్యాంకు కడిగాను. మేడ్చల్‌లో మాకు ఆదాయపు పన్ను కాగితాలు రాసిపెట్టే సారు పోయి ఇవాళ్టికి పన్నెండో రోజు. గుండెపోటట.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే ఆయన బీరువా ఎవరిదో తెలిసిపోతుంది. అందులో మా ఫైళ్లున్నాయి.

నేను మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాను. ఎవరూ నేర్పలేదు, కాలిపోయినవి విప్పి చూసి నేర్చుకున్నాను. నేను పెళ్లి చేసుకున్న మనిషిది భీమవరం వైపు, దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఇద్దరం మగవాళ్లం. బహదూర్‌పల్లి ఇంట్లో తలుపు గడియ వేసుకుని దండలు మార్చుకున్నాం. కాలనీవాళ్లకు మాత్రం వరుసకు అన్నదమ్ములం.

నా షాపు కోసం అతను నా ఖాతాలో నాలుగు లక్షలు వేశాడు. ఆ ఏడు సారు బ్యాంకు కాగితం మీద వేలు పెట్టి ఆగారు.

"గీ నాలుగు లక్షలు ఎవరిచ్చిండ్రు?"

"మా అన్న సార్."

"సొంత అన్ననా?"

"వరుసకు."

కళ్లద్దాలు తీశారు. "సొంత అన్న ఇస్తే పన్ను లేదు. పెండ్లాం ఇచ్చినా లేదు. వరుసకు అన్న ఇస్తే పడ్తది. నాకు అబద్ధం చెప్తే నేను తప్పు రాస్త, పరేషాన్ నువ్వయితవ్. ఎవరు జెప్పు."

చెప్పాను. చెబుతున్నంతసేపూ తలుపు వైపే చూశాను. ఆయన బిస్కెట్ల డబ్బా నా ముందుకు జరిపారు. "ముందుగాల తిను. ఆకలి మీద ఎవ్వలి సంతకం తీస్కోను నేను."

నేను తిన్నాక అన్నారు: "చట్టానికి మీరిద్దరు పరాయోళ్లు. నేనేం జేస్త? అప్పని రాసుకోండ్రి. కని ఒట్టి రాత గాదు, నెలనెల తీర్చాలె. తీర్చని అప్పు అబద్ధమే."

వారం తర్వాత ఇద్దరినీ పిలిపించారు. "మాలో మాకు అప్పేంటండీ?" అని అతను నొచ్చుకున్నాడు. "మాస్టరూ, నీ ప్రేమ నాకు ఎర్కనే. ఆదాయపు పన్నోళ్లకు ఎర్కలేదు" అన్నారు సారు. ముగ్గురం నవ్వాం. అప్పు పత్రం రాసి, ఆయనే సాక్షి సంతకం పెట్టారు. మా ఇద్దరి పేర్లూ ఒకచోట ఉన్న కాగితం మాకు అదొక్కటే. అందులో అతను అప్పిచ్చినవాడు, నేను తీసుకున్నవాడిని. ప్రతి నెలా ఒకటో తారీకున అతనికి పంపుతున్నాను, ఒక్క నెల కూడా తప్పలేదు.

పోయిన నెల నోటీసు వచ్చింది. ఆ నాలుగు లక్షలు అప్పేనని రుజువు చూపమన్నారు. గడువు ఈ శుక్రవారం. "భయపడకు, పత్రం నా దగ్గరుంది, సాక్షిని నేనున్న" అన్నారు సారు. తర్వాతి వారమే పోయారు.

ఆయనకు ప్రతి ఫైలు లోపలా పెన్సిలుతో ఒక ముక్క రాసుకునే అలవాటు. మా దాంట్లో ఏమని రాసుకున్నారో. సారు కొడుకు చదివి ఎవరితోనైనా అంటే, ఆ మాట కాలేజీ దాకా పోతే మా మాస్టరు ఉద్యోగం ఏమవుతుంది? నిన్న దినానికి వెళ్లి భోజనం చేశాను గాని, ఫైలు మాట ఎత్తలేకపోయాను. ఇవాళ మళ్లీ వెళ్లి, కొడుకుకు మా పేర్లు రెండూ చెప్పాను.

ఆ అబ్బాయి బీరువా తెరిచి ఎర్ర నాడాతో కట్టిన కట్ట తీశాడు.

"నాయిన రెండు ఫైళ్లు ఒక్కటే నాడాతోని కట్టిండు అంకుల్. మొగుడుపెండ్లాలవే గిట్ల కడ్తుండె. అన్నదమ్ములయి గూడ ఏరే పెడ్తుండె. ఇప్పాల్నా?"

"వద్దు బిడ్డా, గట్లనే ఉండనీ" అన్నాను.

నా ముఖం చూశాడు. "వాన పడ్తాంది, తడుస్తయి" అని కట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు. ఆ మాట వెనక ఏముందోనని బస్సు దిగేదాకా భయపడుతూనే వచ్చాను.

సారు మమ్మల్ని ఒక్క మాటా అడగకుండా ఆ ముడి ఎప్పుడు వేశారో. ఇన్నేళ్లూ ఆయన గదికి వెళ్లివస్తూ నేను చూడనే లేదు.

కట్ట ఇప్పుడు బల్ల మీద ఉంది. శుక్రవారం లోపు పత్రం పంపాలి, పత్రం తీయాలంటే ముడి విప్పాలి. రెండుసార్లు కొస పట్టుకుని వదిలేశాను. అతను కాలేజీ నుంచి వచ్చాక ఇద్దరం కలిసే విప్పుతాం. ట్యాంకు ఖాళీగానే ఉంది, మోటారు వేయాలి.